తిరుపతిలో బండ్ల మోత తగ్గించాలంటే: పోలీసుల కోసం సమగ్ర మార్గదర్శి

మన రాష్ట్రంలో ఏ ఊళ్లోనైనా బండ్ల మోత మీద పోలీసు చర్య అనగానే గుర్తొచ్చేది ఒకటే. పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి, ప్రెస్‌ వాళ్లను పిలిచి, రోడ్డు రోలర్‌ ఎక్కిస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో బాగానే వస్తుంది. నెల తిరక్కుండానే అదే వీధిలో మళ్లీ అదే మోత. సైలెన్సర్‌ బిగించిన షాపు అలాగే ఉంది, కుర్రాడు ఇంకోటి కొనుక్కున్నాడు, వాడు తిరిగే వేళకి ఆ రోడ్డులో పోలీసు లేడు. ఇంకేం మారుతుంది?

ట్రాఫిక్‌ ఎస్‌ఐలు, సీఐలు, లా అండ్‌ ఆర్డర్‌ స్టేషన్ల వాళ్లు రేపటి నుంచే మొదలుపెట్టగలిగేలా ఇది రాస్తున్నాను. కాలనీ సంఘాల వాళ్లు చదివితే పోలీసుల్ని ఏం అడగాలో తెలుస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకటి గుర్తుంచుకోవాలి: డెసిబెళ్ల వెంట, అంటే శబ్దం కొలత వెంట పడితే కేసు నిలవదు. బండికి మార్చిన భాగం వెంట పడితే నిలుస్తుంది.

మొదటి దశ: ఏ మోతో ముందు తేల్చుకోవాలి

జనం "సౌండు భరించలేకపోతున్నాం సార్‌" అని ఫోన్‌ చేస్తారు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. ఒకటి, మార్చిన సైలెన్సర్‌. రెండు, బస్సులకీ లారీలకీ బిగించే ఎయిర్‌ హారన్‌, రాగాలు తీసే మ్యూజికల్‌ హారన్‌. మూడు, మామూలు హారన్‌నే ఆపకుండా కొట్టడం. మూడింటికీ మందు ఒకటి కాదు.

లీలామహల్‌ సర్కిల్‌లోనో, బస్టాండు ముందో సాయంత్రం మోగే హారన్లలో ఎక్కువ భాగం ట్రాఫిక్‌ ఆగిపోవడం వల్ల వచ్చేవే. ఆటోలు రోడ్డు మధ్యే ఆపి యాత్రికుల్ని ఎక్కించుకుంటుంటే వెనకున్న వాళ్లు హారన్‌ కొట్టక ఏం చేస్తారు? అక్కడ చలానాలు రాయడం కంటే ఆటో స్టాండును నలభై అడుగులు వెనక్కి జరపడం, సిగ్నల్‌ టైమింగ్‌ సరిచేయడం ఎక్కువ పనిచేస్తాయి. అదే ఎయిర్‌ బైపాస్‌ రోడ్డులో రాత్రి పదకొండుకి వినపడే మోతకి సిగ్నల్‌తో సంబంధం లేదు. అది సైలెన్సర్‌.

కాబట్టి రెండు వారాల పాటు ఎవరినీ పట్టుకోకుండా రాసుకోండి. 112కి వచ్చిన కాల్స్‌లో మోత గురించి వచ్చినవి విడదీయండి. ఆసుపత్రి సెక్యూరిటీ గార్డులు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, రాత్రిపూట టీ అంగళ్ల వాళ్లు, ఈ ముగ్గురినీ అడిగితే ఏ బండి ఏ వేళకి వస్తుందో చెప్పేస్తారు. సర్వే కంపెనీలు అక్కర్లేదు. ఊరి మ్యాపు మీద చోటు, వేళ, మోత రకం గుర్తు పెట్టండి. కరకంబాడి రోడ్డు, తిరుచానూరు రోడ్డు, రేణిగుంట రోడ్డు, యూనివర్సిటీల చుట్టుపక్కల, శ్రీనివాస సేతు వంతెన మీద, ఒక్కోచోట లెక్క ఒక్కోలా ఉంటుంది.

రెండో దశ: ఏ సెక్షన్‌ దేనికో

చాలా కేసులు ఇక్కడే చెడిపోతాయి, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. సైలెన్స్‌ జోన్‌లో 50, 40. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఇవి ఒక ప్రాంతంలో కొంతసేపు కొలిచిన సగటుకి పెట్టిన పరిమితులు. ఒక్కో బండికి పెట్టినవి కావు. మీటరు పట్టుకుని "55 ఉండాల్సింది 92 వచ్చింది" అని ఒక బైకు మీద రాస్తే కోర్టులో ఆ కాగితం నిలవడం కష్టం.

బండికి వేరే పరిమితులున్నాయి. పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ద్విచక్ర వాహనాల తయారీదారులకు 80 సీసీ దాకా 75, 80 నుంచి 175 సీసీ దాకా 77, ఆపైన 80 డెసిబెళ్లుగా పెట్టారు. కానీ ఆ పరీక్షకి ప్రత్యేకమైన ట్రాక్‌ కావాలి, బండి ఒక పద్ధతిలో వేగం పెంచుకుంటూ మైక్‌ పక్కగా వెళ్లాలి. అన్నమయ్య సర్కిల్‌లో నిలబడి చేసేది కాదు.

రోడ్డు మీద మీ చేతికి అందేవి ఇవి. మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52, కంపెనీ ఇచ్చిన బండిని అనుమతి లేకుండా మార్చకూడదంటుంది. అలా మార్చిన యజమానికి 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలకి విరుద్ధంగా బండి నడిపితే 190(2): మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. అవసరం లేకుండా, ఆపకుండా హారన్‌ కొట్టినా, హారన్‌ నిషేధం బోర్డున్న చోట కొట్టినా, సైలెన్సర్‌ గుండా కాకుండా పొగ బయటికి పోయేలా కటౌట్‌ పెట్టి నడిపినా 194ఎఫ్‌: మొదటిసారి 1,000, తర్వాత 2,000. హారన్‌ రకానికి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 119, సైలెన్సర్‌కి 120 చూడండి. అక్కడికక్కడే కట్టించుకునే కాంపౌండింగ్‌ మొత్తాలు రాష్ట్రం నోటిఫై చేసినవే ఉండాలి, నోటికొచ్చిన అంకె చెప్పకూడదు.

ఇంకో సంగతి. సైలెన్సర్‌ మార్చాడని బండినే సెక్షన్‌ 207 కింద స్టేషన్‌కి తోలుకుపోవడం మామూలైపోయింది. ఆ సెక్షన్‌ రిజిస్ట్రేషన్‌, లైసెన్సు, పర్మిట్‌ లాంటివి లేనప్పటి కోసం ఉంది. సైలెన్సర్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్‌ 106 ఉంది, దానికి తగ్గట్టు పంచనామా, వీడియో ఉండాలి. సైలెన్సర్‌ను ధ్వంసం చేయాలన్నా కోర్టు ఉత్తర్వు తీసుకుని చేయండి. రోలర్‌ ఎక్కడికీ పోదు.

మూడో దశ: ఇంటి నుంచి మొదలు

చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది కానీ చెప్పాలి. స్టేషన్‌ ఆవరణలో సిబ్బంది సొంత బుల్లెట్‌ బైకులు నిలబెట్టి ఉంటాయి కదా, ముందు వాటి సైలెన్సర్లు చూడండి. తర్వాత ప్రభుత్వ శాఖల బండ్లు, అద్దె బండ్లకి బిగించిన హూటర్లు. సైరన్‌ మినహాయింపు అంబులెన్సుకీ, ఫైరింజనుకీ, పోలీసు బండికీ ఉంది గానీ నాయకుడి వెనక నడిచే ప్రతి కారుకీ లేదు. ఇది పూర్తి చేయకుండా రోడ్డెక్కితే మొదటి రోజే ఎవడో వీడియో తీసి పెడతాడు, మిగతా పనంతా నవ్వులపాలవుతుంది.

నాలుగో దశ: తనిఖీ చోటు, సామాను

బండి ఎలాగూ నెమ్మదించే చోటే తనిఖీ పెట్టాలి. వంతెన దిగే వాలులో, మలుపు దాటగానే పెడితే కంగారులో బ్రేకు వేసి వెనక బండి గుద్దుకుంటుంది. అలిపిరి దగ్గర కొండకి వెళ్లే ప్రతి బండీ తనిఖీకి ఆగుతుంది. అక్కడ టీటీడీ విజిలెన్స్‌ వాళ్లతో మాట్లాడుకుని, ఇద్దరు ట్రాఫిక్‌ సిబ్బందిని పక్కన నిలబెడితే బయటి ఊళ్ల బస్సుల, వ్యాన్ల హారన్లు చూసే పని సగం అయిపోయినట్టే. యాత్రికుల లైను ఆగకుండా, అనుమానం ఉన్న బండిని మాత్రమే పక్కకి తీయాలి.

సామాను పెద్దగా ఏం లేదు. బాడీ కెమెరా, మంచి టార్చి, మందపాటి గ్లవ్స్‌, ఎక్కువగా కనిపించే మోడళ్ల కంపెనీ సైలెన్సర్ల ఫొటోలున్న ఫోను. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ ఒక్కరు వెంట ఉంటే మాటకి బలం వస్తుంది. శబ్దం మీటరు ఉంటే తీసుకెళ్లండి, క్యాలిబ్రేషన్‌ సర్టిఫికెట్‌ తేదీ దాటకుండా చూసుకోండి. ఫోనులో డౌన్‌లోడ్‌ చేసిన యాప్‌ రీడింగు ఎవరికీ చూపించకండి.

ఐదో దశ: ఒక్క బండిని ఎలా చూడాలి

ముందు ఇంజను ఆపించి, తాళం తీయించి, స్టాండు వేయించండి. ఆర్‌సీ డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది. నంబరు ప్లేటు, ఛాసిస్‌ నంబరు కలుస్తున్నాయో చూడండి. మోత బండ్లలో ప్లేటు వంచినవి, అంకె చెరిపినవి తగులుతూనే ఉంటాయి.

ఇప్పుడు కిందికి వంగి సైలెన్సర్‌ చివర టార్చి వెయ్యండి. కంపెనీ సైలెన్సర్‌లో మామూలుగా లోపల అరలు, అడ్డు ప్లేట్లు, చిన్న గొట్టాలు ఉంటాయి, వెలుతురు నేరుగా లోపలికి పోదు. మార్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే గొట్టం, చుట్టూ చిల్లులు, వాటి వెనక గాజు ఉన్ని. వెలుతురు చాలా లోపలిదాకా దిగిపోతుంది. కొన్నిటికి చివర డీబీ కిల్లర్‌ అనే చిన్న బిరడా ఉంటుంది, తనిఖీ అని తెలిస్తే పెట్టి, దాటగానే తీసేస్తారు. దాని స్క్రూ తల చూడండి, రోజూ తిప్పే స్క్రూ అరిగి మెరుస్తూ ఉంటుంది. తర్వాత పార్ట్‌ నంబరు, కంపెనీ గుర్తు కోసం సైలెన్సర్‌ ఒంటి మీద వెతకండి. కోసి మళ్లీ వెల్డింగ్‌ చేసిన గీత ఉందేమో చూడండి. సైలెన్సర్‌ కాలుతూ ఉంటుంది, గ్లవ్స్‌ లేకుండా ముట్టుకోకండి.

మాట ఇలా సాగితే చాలు:

"ఇది షోరూంలో ఇచ్చిందేనా బాబూ?"

"అవును సార్‌, కంపెనీదే."

"పార్ట్‌ నంబరు ఎక్కడుందో చూపించు."

"... పాతది తుప్పు పట్టింది సార్‌. మార్పించినా."

"ఎక్కడ మార్పించావు? బిల్లుందా?"

అరుపులు అక్కర్లేదు, కుర్రాడి జుట్టు గురించీ చదువు గురించీ ఉపన్యాసం అసలే అక్కర్లేదు. ఇదంతా బాడీ కెమెరాలో పడుతుంది. షాపు పేరు తర్వాత దశకి పనికొస్తుంది.

చివరగా బండి స్టార్ట్‌ చేయించి శబ్దం రికార్డు చేయండి. మీటరుంటే సైలెన్సర్‌ నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, అదే ఎత్తులో పట్టుకోండి. దూరం రాయకపోతే రీడింగుకి అర్థం లేదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెళ్లు తగ్గిపోతుంది. ఆ అంకెను ఫ్యాక్టరీ పరిమితితో పోల్చకండి. అదే మోడల్‌, కంపెనీ సైలెన్సర్‌ ఉన్న బండికి ఇదే పద్ధతిలో తీసిన రీడింగుతో పోల్చండి. షోరూం వాళ్లని అడిగి ఒక పూటలో ఊళ్లో ఎక్కువగా తిరిగే మోడళ్లన్నిటికీ ఈ రీడింగులు తీసి పెట్టుకోవచ్చు. కంపెనీ బండికి, దీనికి 10 డెసిబెళ్ల తేడా ఉంటే చెవికి మోత దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. మార్చిన భాగంతో పాటు మేజిస్ట్రేటుకి ఆ తేడా చూపిస్తే చాలు.

చలానాలో "అధిక శబ్దం" అని రాయకండి. "కంపెనీ సైలెన్సర్‌ తొలగించి, పార్ట్‌ నంబరు లేని వేరే సైలెన్సర్‌ బిగించారు" అని రాయండి. ఎవరైనా చూసి నిర్ధారించగలిగే విషయం అది.

పాత ఆటో సైలెన్సర్‌ తుప్పు పట్టి చిల్లు పడితే అదీ మోతే, కానీ దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు. ఆ ఆటో అతను సరదాకి చేసుకున్నది కాదు. వారం గడువిచ్చి, బాగుచేయించి స్టేషన్‌లో చూపించమని రాసివ్వండి. ఈ విచక్షణ చూపిస్తే ఆటో యూనియన్లు మీ వైపు ఉంటాయి.

ఆరో దశ: వెంటపడొద్దు

రాత్రిపూట ఆపితే ఆగకుండా పోయిన బైకు వెనక పరుగు తీయొద్దు. పందొమ్మిదేళ్ల కుర్రాడు డివైడర్‌కి గుద్దుకుంటే, సైలెన్సర్‌ కేసు కాస్తా ప్రాణం పోయిన కేసవుతుంది. నంబరు, వేళ, చోటు రాసుకుని పొద్దున ఇంటికి వెళ్లండి. ఇంట్లో అమ్మానాన్నల ముందు బండి చూపించమంటే వచ్చే మార్పు వేరు. నడిపింది మైనరైతే సెక్షన్‌ 199ఎ గురించి పెద్దవాళ్లకి విడమరచి చెప్పండి: సంరక్షకుడికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్‌ 12 నెలలు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది వినగానే బండి తాళం తండ్రి జేబులోకి పోతుంది.

టపాసులు పేలినట్టు శబ్దం చేసేవాళ్లూ ఉంటారు. బండి పరుగులో ఉండగా స్విచ్చి ఆపి, మళ్లీ వేస్తారు. కాలని పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలో ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇలా చేసేవాళ్ల మీద సాక్ష్యం వాళ్ల సొంత రీల్స్‌లోనే దొరుకుతుంది. నంబరు కనిపించే వీడియోలు భద్రపరచి, బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్‌ 63 ప్రకారం సర్టిఫికెట్‌ జతచేయండి.

ఏడో దశ: ఆర్టీవో

ఒకే బండి రెండోసారి దొరికిందంటే జరిమానా దానికి లెక్క లేదని అర్థం. అప్పుడు సెక్షన్‌ 53 బయటికి తీయాలి. నిబంధనలకి తగ్గట్టు లేని బండి రిజిస్ట్రేషన్‌ను, యజమాని వాదన వినేందుకు అవకాశమిచ్చి, లోపం సరిచేసేదాకా సస్పెండ్‌ చేసే అధికారం రిజిస్టరింగ్‌ అథారిటీకి ఉంది. మీ రిపోర్టుతో పాటు రెండు చలానాలు, ఫొటోలు, వీడియో పంపండి. కంపెనీ సైలెన్సర్‌ బిగించి ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తేనే సస్పెన్షన్‌ ఎత్తేయాలి. అమ్ముకోవడానికీ, ఇన్సూరెన్సుకీ బండి కాగితాలు అడ్డం పడతాయని తెలిస్తే పది వేల ఖరీదైన సైలెన్సర్‌ కూడా ఇంటి అటక ఎక్కుతుంది.

ఎనిమిదో దశ: షాపులు

సైలెన్సర్‌ దానంతట అది బండికి అతుక్కోదు. ఐదో దశలో కుర్రాళ్లు చెప్పిన షాపుల పేర్లు ఒకచోట రాస్తే, నెల రోజుల్లో నాలుగైదు పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

ఇక్కడ చట్టం పట్టు కొంచెం బలహీనమే. 182ఎ(1) కింద ఏడాది దాకా జైలు, బండికి లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి గానీ అవి వాహన తయారీదారుకి, దిగుమతిదారుకి, డీలరుకి. సందు చివరి యాక్సెసరీ షాపుని దాంట్లో ఇరికించడం కష్టం. తెలిసి బిగించినవాడిని నేరానికి సహకరించినవాడిగా చూపే దారి ఉంది, ఏపీపీతో (అసిస్టెంట్‌ పబ్లిక్‌ ప్రాసిక్యూటర్‌తో) మాట్లాడి వెళ్లండి. అంతకంటే తొందరగా పనిచేసేది కార్పొరేషన్‌ వాళ్లతో కలిసి ట్రేడ్‌ లైసెన్సు చూడటం, మెకానిక్‌లందరినీ ఒకరోజు పిలిచి కూర్చోబెట్టడం. బెదిరించడానికి కాదు. తీసేసిన కంపెనీ సైలెన్సర్లు వాళ్ల షాపుల్లోనే పడి ఉంటాయి. పోలీసు పంపినవాళ్లకి తిరిగి బిగించే పని వాళ్లకే వస్తుంది. ఆ మాట చెబితే చాలామంది దారిలోకొస్తారు.

తొమ్మిదో దశ: ఆసుపత్రుల రోడ్డు

రుయా, స్విమ్స్‌, బర్డ్‌, ప్రసూతి ఆసుపత్రి అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కొండకి వెళ్లే యాత్రికుల బండ్లకీ అదే దారి. తిరుపతిలో మోత సమస్య మొత్తంలో నాకు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే అనిపిస్తుంది.

ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్‌ జోన్‌గా ప్రకటించొచ్చు. అయితే 2017 సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే అది సైలెన్స్‌ జోన్‌. కలెక్టరేట్‌లో ఆ నోటిఫికేషన్‌ కాపీ సంపాదించండి, లేకపోతే ప్రతిపాదన పంపండి. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 194ఎఫ్‌కి హారన్‌ నిషేధించే ట్రాఫిక్‌ గుర్తు ఉంటే చాలు. సరైన పద్ధతిలో ఆ గుర్తులు నాటి, ప్రతి గుర్తుకీ జీపీఎస్‌తో ఫొటో తీసి ఫైల్లో పెట్టండి. బయటి రాష్ట్రాల డ్రైవర్ల కోసం తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీలో కూడా రాయించాలి. రాత్రి పది దాటాక నివాస ప్రాంతాల్లో హారన్‌ కొట్టకూడదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది, 2010 సవరణతో అది నియమాల్లోకీ ఎక్కింది. బోర్డు మీద ఈ వేళ కూడా వేయించండి.

బస్సుల ఎయిర్‌ హారన్ల తనిఖీకి ఇదే రోడ్డు మొదలు మంచి చోటు. డ్రైవరు పక్కన రెండో స్విచ్చి, బానెట్‌ కిందో టాపు మీదో పొడుగు బూరలు, వాటికి గాలి పైపు, ఈ మూడూ చూస్తే దొరికిపోతుంది. తమిళనాడు, కర్ణాటక నంబరైనా ఈ-చలానా దేశమంతటి బండ్ల రిజిస్ట్రేషన్లుండే వాహన్‌ డేటాతో కలిసే ఉంటుంది కాబట్టి బండి వెళ్లిపోయింది కదా అని వదలక్కర్లేదు. ట్రావెల్స్‌ ఆఫీసులకి ముందే ఒక లెటర్‌ పంపితే, సగం మంది బయల్దేరేముందే పీకేస్తారు.

పదో దశ: క్యాలెండర్‌

మోతకి ముహూర్తాలుంటాయి. డిసెంబరు 31 రాత్రి, కొత్త సినిమా విడుదల రోజు, ఎన్నికల ఫలితాల రోజు, పార్టీల బైక్‌ ర్యాలీలు, కాలేజీ ఫెస్టులు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో బస్సుల సంగతి వేరే. ర్యాలీకి అనుమతి అడిగినప్పుడే సైలెన్సర్‌ షరతు కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. నిర్వాహకుడు తన కుర్రాళ్లకి తనే ఫోన్లు చేసుకుంటాడు.

పదకొండో దశ: ఫిర్యాదు, లెక్క

ఒక వాట్సాప్‌ నంబరు ఇవ్వండి. జనం పంపిన వీడియో మీద నేరుగా చలానా రాయకుండా, దాన్ని ఆచూకీగా వాడుకుని బండిని చూసొచ్చాక రాయండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు పొరుగింటి కుర్రాడి చెవిన పడిందంటే ఆ వీధి నుంచి ఇంకెప్పుడూ ఫోన్‌ రాదు. ఏం చేశారో ఒక్క లైను తిరిగి పంపడం మర్చిపోకండి.

ఎన్ని చలానాలు రాశామన్నది పని లెక్క కాదు. మొదటి దశలో గుర్తుపెట్టిన చోట్లలోనే, వారంలో అదే రోజు, అదే వేళ, మూడు నెలలకోసారి ఒక గంట నిలబడి మార్చిన సైలెన్సర్‌తో వెళ్లిన బండ్లెన్నో, ఎయిర్‌ హారన్లెన్నో లెక్కపెట్టండి. మీటరు ఉంటే గంట సగటు కూడా తీయండి. లెక్క తగ్గని చోటుకి సిబ్బందిని మార్చండి. నంబర్లు, షాపులు, నోటీసులు, ఆర్టీవోకి పంపిన రిపోర్టులు అన్నీ ఒకే రిజిస్టరులో ఉండాలి, ఎస్‌ఐ బదిలీ అయినప్పుడు చార్జి అప్పగింత జాబితాలో ఆ రిజిస్టరు పేరు కూడా రాసి సంతకం తీసుకోవాలి.